అమ్మ భుజం చెప్పిన సాక్ష్యం

1999 ఫిబ్రవరి. హైదరాబాదు బాలానగర్‌లోని ఒక కార్ఖానాకు కూలిపని మీద వచ్చిన నేతగాడొకడు చేస్తున్న పని ఆపేశాడు. ఎదురుగా ఒక యంత్రం నడుస్తోంది. అది ఏ సరుకు తయారుచేస్తోందో అతనికి అక్కర్లేదు. దానికున్న ఒక భాగం లయ తప్పకుండా కదులుతోంది. అతని చూపంతా ఆ కదలిక మీదే. అక్కడ రోజూ పనిచేసేవాళ్ళు ఆ భాగాన్ని వేలసార్లు చూసి ఉంటారు, చూసి పక్కకు తిరిగి ఉంటారు. అతను మాత్రం తిరగలేకపోయాడు. ఏడేళ్ళుగా తన యంత్రానికి ఏ కదలిక తక్కువైందో, అది ఇక్కడ వేరే పనికి వేరే యంత్రంలో హాయిగా తిరుగుతోంది.

అతని పేరు చింతకింది మల్లేశం. ఊరు ఆలేరు మండలం శారాజీపేట. మా నిడమనూరు నుంచి చూస్తే అది పాత నల్లగొండ జిల్లాకు ఆ చివర. ఇక్కడ సాగర్ ఎడమ కాలువ, వరి మడులు, మిర్యాలగూడ రైసు మిల్లులు. అక్కడ మగ్గాలు, రంగు తొట్లు, పట్టు నూలు. 2016లో జిల్లాలు విడిపోయి శారాజీపేట యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్ళింది. అయినా ఈ కథ మన జిల్లాదే అని నేను పట్టుబడతాను.

మల్లేశం జీవితం మీద 2019లో సినిమా వచ్చింది. ప్రియదర్శి నటించాడు, రాచకొండ రాజ్ తీశాడు. చూసినవాళ్ళకు ఆయన పడ్డ కష్టం తెలుసు. నేను చెప్పబోయేది ఆ కష్టం కడుపున పుట్టిన ఇంకో ప్రశ్న గురించి. వేరే యంత్రంలో చూసిన కదలికను తెచ్చి తన యంత్రంలో అమర్చుకున్నవాడు 'ఇది నేను కనిపెట్టాను' అనవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా? పేటెంటు ఇస్తుందా?

ముందు ఆసు సంగతి తెలియాలి.

పోచంపల్లి చీర మీద కనిపించే బొమ్మ నేసేటప్పుడు పుట్టదు. నేతకు ముందే నూలు మీద పుడుతుంది. ఎక్కడెక్కడ రంగు అంటకూడదో అక్కడక్కడ నూలును కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి ముంచుతారు. అలా కట్టడానికి వీలుగా పేక నూలును ముందు ఒక వరసలో పోసుకోవాలి. అదే ఆసు పోయడం. ఒక పక్కన ఒక మేకు. ఎదురుగా అర్ధచంద్రాకారంలో బారులు తీరిన మేకులు. ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు చుట్టూ తిప్పి మళ్ళీ ఇటు. లెక్క ప్రకారం చుట్లు పడ్డాక పక్క మేకుకు. పోగు తెగకూడదు, వదులు కాకూడదు, లెక్క తప్పకూడదు. తప్పితే బొమ్మ చెదిరిపోతుంది.

ఈ పని ఇంట్లో ఆడవాళ్ళది. ఒక చీరకు చెయ్యి సుమారు మీటరు దూరం 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఒక చీర ఆసుకు నాలుగైదు గంటలు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఒక్కో ఊపు మీటరే అనుకున్నా, కూర్చున్న చోట నుంచి లేవకుండా చెయ్యి ఒక్కటే 18 కిలోమీటర్లు నడిచినట్టు. కళ్ళు పోగు మీద, బరువంతా భుజం మీద. మల్లేశం తల్లి లక్ష్మమ్మ అలాగే ఆసు పోసింది. భుజం పట్టేసినా పోసింది. ఆరో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కిన కొడుకు రోజూ చూసింది ఆ చేతినే. ఇక నా వల్ల కాదు అని ఆమె అన్న రోజు ఆ ఇంట్లో రెండు దారులే మిగిలాయి. మగ్గం వదిలేయడం ఒకటి, ఆసు పోసే చేతిని ఇంకెక్కడి నుంచైనా తేవడం ఇంకొకటి. మొదటి దారి చాలా ఇళ్ళు పట్టాయి. రెండో దారి ఉందని 1992 నాటికి ఎవరికీ తెలియదు.

అతను మొదలుపెట్టాడు. ఇంజనీరింగు చదవలేదు, గీత పటం గీయడం నేర్వలేదు. చెక్క ముక్కలు, చిన్న మోటారు, దొరికిన సామాను. ఒక భాగం చేయించడం, అమర్చి చూడడం, కుదరకపోతే విప్పేయడం. చేతిలో డబ్బు అయిపోతే అప్పు. అప్పు పుట్టకపోతే ఆగడం. ఊళ్ళో వాళ్ళు మాటలన్నారు. పని చేసుకోకుండా పిచ్చి పట్టిందన్నారు. వాళ్ళను తప్పుపట్టను. వాళ్ళ తల్లులూ భార్యలూ అదే ఆసు పోస్తున్నారు, దానికి విరుగుడు ఉంటుందన్న ఊహే వాళ్ళకు లేదు. యంత్రంలో కొన్ని కదలికలు కుదిరాయి. నూలు అటూ ఇటూ వెళ్ళడం కుదిరింది. కానీ మనిషి మణికట్టు తెలియకుండానే చేసే చిన్న విన్యాసం ఒకటి యంత్రానికి అబ్బలేదు. బతుకుతెరువు కోసం హైదరాబాదు వచ్చాడు. యంత్రం సగంలో ఉండిపోయింది. మనసు మాత్రం అక్కడే.

అలాంటి మనసుతో వచ్చాడు కనుకనే బాలానగర్‌లో ఆ కదలిక అతనికి కనిపించింది. లేత్ మీద తనకు కావలసిన భాగం చేయించుకున్నాడు. ఊరికి పోయి యంత్రానికి బిగించాడు. ఆసు పడింది. నాలుగైదు గంటల పని గంటన్నరలో తేలింది. యంత్రానికి అమ్మ పేరు పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం.

ఇక్కడి దాకా గుండె కదిలే కథ. ఇక్కడి నుంచి చట్టం.

పేటెంటు కావాలంటే మూడు గడపలు దాటాలి. కొత్తది కావాలి. పరిశ్రమలో పనికిరావాలి. ఈ రెండూ ఎలాగో దాటవచ్చు. మూడోది గట్టిది. ఆ పని తెలిసిన నిపుణుడెవరికైనా మామూలుగా తట్టేది కాకూడదు. మన 1970 పేటెంట్ల చట్టం ఆ మూడో గడపను ఇలా కట్టింది: ఇంతకుముందు తెలిసినదాని కన్నా సాంకేతికంగా ముందడుగు ఉండాలి, లేదా ఆర్థిక ప్రాముఖ్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి, వీటితోపాటు ఆ రంగంలో ఆరితేరినవాడికి అది చూడగానే తోచేది కాకూడదు. అదే చట్టంలోని సెక్షన్ 3లో ఇంకో అడ్డుకట్ట ఉంది. తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చినప్పుడు దేని పని అది ఎప్పటిలాగే చేసుకుంటూ ఉంటే, ఆ పేర్పును కొత్త ఆవిష్కరణ అనరు.

ఈ గడప ఎంత ఎత్తో తెలియాలంటే మీర్జాపూర్ పోవాలి. ఉత్తరప్రదేశ్‌లో ఇత్తడి పాత్రలకు పేరుపడ్డ ఊరు. అక్కడ హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ 1951లో ఒక పేటెంటు తీసుకుంది. పాత్రలను లేత్ మీద తిప్పి నునుపు చేసేటప్పుడు అవి ఎగిరిపడి పనివాళ్ళకు దెబ్బలు తగిలేవి. పాత్రను ఒక వైపు నుంచి పట్టుకోవడమే కాక, రెండో వైపు నుంచి కూడా ఒత్తి పట్టి ఉంచే ఏర్పాటు చేశారు. పని తేలికైంది, ప్రమాదం తగ్గింది. పోటీ సంస్థ బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ అదే పద్ధతి వాడింది. కేసు అలహాబాద్ హైకోర్టులో ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగి సుప్రీంకోర్టుకు చేరింది. 1978 డిసెంబరు 13న తీర్పు వచ్చింది. పేటెంటు నిలవలేదు. లేత్ మీద వస్తువును రెండో వైపు నుంచి ఒత్తి పట్టడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. దాన్ని పాత్రలకు వాడడం మంచి పనివాడు చేసే మెరుగే తప్ప ఆవిష్కరణ కాదని న్యాయస్థానం తేల్చింది. ఈ రోజుకీ మన దేశంలో పేటెంటు వివాదం ఏది వచ్చినా ఈ బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ తీర్పు బల్ల మీదికి రావలసిందే.

ఆ తీర్పు చదివాక మల్లేశం గురించి నాకు భయం వేసింది. పాత్రలు ఎగిరిపడకుండా ఆపడం కూడా మంచి పనే కదా. అక్కడా పాత కదలికే, ఇక్కడా పాత కదలికే. మరి తేడా ఎక్కడుంది?

లిఫ్టును ఉదాహరణగా తీసుకుంటే ఈ చిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. రైసు మిల్లులో ఎలివేటర్ అంటే ధాన్యం పైకి మోసే కప్పుల పట్టీ; నేను చెప్పేది మనుషులు ఎక్కే లిఫ్టు. మిర్యాలగూడలో, సూర్యాపేటలో, కోదాడలో అపార్టుమెంట్లు లేచాక అది మనకూ నిత్యావసరం అయింది. లిఫ్టు గది తాడు మీద వేలాడుతుంది కానీ ఊగదు. ఎందుకంటే రెండు పక్కలా గోడకు బిగించిన ఉక్కు రైళ్ళు ఉంటాయి. గది పైనా కిందా రెండు వైపులా గైడ్ షూలు ఆ రైళ్ళను పట్టుకుని జారుతూ పోతాయి. షూ లోపల లైనర్ ఉంటుంది, నైలాన్ లాంటి నునుపైన పదార్థంతో చేసింది. రైలుతో రాసుకునేది అదే, అరిగేది అదే. అరిగితే గది కదిలిపోతుంది, కిరకిర చప్పుడు, లోపల ఉన్నవాళ్ళకు గుండెదడ. మెకానిక్ వచ్చి లైనర్ మారుస్తాడు, మళ్ళీ సాఫీగా జారుతుంది. వేగంగా పోయే లిఫ్టులకు జారే షూ బదులు చక్రాలు పెడతారు.

ఇప్పుడు ఎవరో ఒకరు ఆ జారే ముక్కకు కొత్త రూపం ఇచ్చారనుకుందాం. చప్పుడు తక్కువ, అరుగుదల తక్కువ. పేటెంటుకు పెట్టారు. పరీక్షాధికారి రెండు పాత పత్రాలు తీస్తాడు. ఒకదాంట్లో అలాంటి రూపం ఉన్న షూ. ఇంకోదాంట్లో అలాంటి పదార్థంతో చేసిన లైనర్. ఈ రెండూ కలిపితే మీది వచ్చేస్తుంది కదా అంటాడు. దరఖాస్తుదారు చెప్పవలసిన జవాబు ఒక్కటే. ఆ రెండు పత్రాలూ ముందు పెట్టుకున్న లిఫ్టు ఇంజనీరు వాటిని కలపాలని అనుకోవడానికి కారణమేదీ లేదు. కలిపినప్పుడు వచ్చిన ఫలితం విడివిడిగా ఉన్న రెండింటిలోనూ లేదు. ఇది నిరూపిస్తే ముక్క అరచేతిలో పట్టేంతదైనా పేటెంటుకు తగినదే. నిరూపించలేకపోతే ఎంత పెద్ద యంత్రమైనా తగదు.

లిఫ్టు పుట్టుకలోనే ఈ కథ ఉంది. 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎలీషా ఓటిస్ లిఫ్టు పలక మీద నిలబడి పైనున్న తాడు కోయించాడు. పలక కింద పడలేదు. తాడు బిగువు పోగానే ఒక స్ప్రింగు విచ్చుకుని, పక్కనున్న పట్టాల పళ్ళలో కొక్కేలు దిగి పట్టేశాయి. స్ప్రింగు అంతకుముందు ఉంది. పళ్ళ పట్టా ఉంది. తాడు ఉంది. తాడు తెగడమే స్ప్రింగుకు ఆజ్ఞ అయ్యేలా వాటిని కలిపినవాడు ఓటిస్. అతని పేటెంటు 1861 జనవరిలో వచ్చింది. మన నేటి చట్టం ముందు అయితే, ఏడేళ్ళ కిందట జనం ముందు ఆడించి చూపించినదానికి పేటెంటు అడగడం చాలా కష్టం. ఈ మాట మనవాళ్ళకు అవసరం కనుక దీనికి మళ్ళీ వస్తాను.

తేడా ఎక్కడుందన్న ప్రశ్నకు నాకు దారి చూపింది ఒక నాగలి కేసు. అమెరికాలో గ్రాహం అనే ఆయన రాళ్ళ నేలలో దున్నేటప్పుడు నాగలి కర్రు విరగకుండా ఉండే బిగింపుకు పేటెంటు తీసుకున్నాడు. జాన్ డీర్ కంపెనీతో తగాదా పడింది. 1966లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన మార్చింది రెండు భాగాల చోటు మాత్రమేనని, అది నిపుణుడికి తట్టేదేనని పేటెంటు కొట్టేసింది. గ్రాహం ఓడిపోయాడు. కానీ ఆ తీర్పు తర్వాతి తరాల కోసం ఒక కొలబద్ద వదిలింది. ఒక వస్తువు మామూలుగా తట్టేదా కాదా అని తేలనప్పుడు బయటి లోకాన్ని కూడా అడగవచ్చు. ఈ అవసరం ఎంతకాలంగా తీరకుండా ఉంది? ఇతరులు ప్రయత్నించి విఫలమయ్యారా? వచ్చాక జనం దాన్ని కొనుక్కున్నారా?

ఇవి చదవగానే లక్ష్మమ్మ భుజం గుర్తొచ్చింది. ఆసు నిన్నమొన్నటిది కాదు. తరాల తరబడి ఆడవాళ్ళు పోశారు. నేత పని క్షుణ్ణంగా తెలిసినవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. లేత్ పని తెలిసినవాళ్ళు, మోటార్లు తిప్పేవాళ్ళు హైదరాబాదులో వేలల్లో ఉన్నారు. ఆ కదలిక బాలానగర్‌లో రోజూ తిరుగుతూనే ఉంది. అంత తేలికగా తట్టేదే అయితే ఆ భుజాలు అన్నేళ్ళు ఎందుకు నొచ్చాయి? ఆ నొప్పే ఇక్కడ సాక్ష్యం. కోర్టులో పెట్టదగిన సాక్ష్యం. చూశాక 'ఓ, ఇంతేనా' అనిపించే వస్తువు చూడకముందు ఎవరికీ తట్టలేదని ఆ తల్లుల భుజాలు చెబుతున్నాయి.

మీర్జాపూర్ తీర్పులోనే ఇంకో పరీక్ష ఉంది. పనిలో నేర్పరి, తన ముందున్న చిక్కు తెలిసినవాడు, పాత పత్రాన్ని చేతికిస్తే 'నాకు కావలసింది ఇదే' అంటాడా అని. మీర్జాపూర్‌లో అంటాడు, ఎందుకంటే అక్కడ లేత్ పనివాడికి లేత్ పద్ధతే దొరికింది. ఒకే పని, ఒకే గది. శారాజీపేట నేతగాడికి బాలానగర్ యంత్రం అలా అందుబాటులో ఉన్న జ్ఞానం కాదు. మగ్గాల లోకానికీ కార్ఖానాల లోకానికీ మధ్య ఉన్న దూరాన్ని కూలికి పోతూ దాటినవాడు మల్లేశం. పైగా అతని యంత్రంలో భాగాలు దేని పని అది చేసుకోవు. నూలు వెళ్ళే కదలిక, మేకు చుట్టూ తిరిగే కదలిక, లెక్క చూసి పక్క మేకుకు జరిగే కదలిక ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. ఒకటి లయ తప్పితే ఆసే పడదు. సెక్షన్ 3 వద్దన్న పేర్పుకు ఇది పూర్తిగా ఎదురు. నా తూకం ఇది, తడబాటు లేకుండా చెబుతున్నాను.

ఆయనకు పేటెంటు వచ్చింది. దాని వెనక పెద్ద తోడ్పాటు ఉంది. సైన్యంలో పనిచేసి వచ్చిన బ్రిగేడియర్ పోగుల గణేశం నడిపే పల్లె సృజన సంస్థ, పల్లె ఆవిష్కరణల కోసం గుజరాత్ నుంచి పనిచేసే నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ ఆయనకు తోడయ్యాయి. ఊళ్ళో మెకానిక్ చేతిలో ఉన్న తెలివిని పేటెంటు కార్యాలయానికి అర్థమయ్యే భాషలో రాయడం వేరే విద్య. ఆ విద్య ఉన్నవాళ్ళు పల్లెకు రావాలి, వచ్చారు. 2009లో రాష్ట్రపతి చేతుల మీదుగా జాతీయ పురస్కారం, 2017లో పద్మశ్రీ. ఈలోగా మల్లేశం ఆగలేదు. తెలుగు పుస్తకాలు చదివి ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని, యంత్రానికి మైక్రోకంట్రోలర్ అమర్చాడు. వందలాది యంత్రాలు నేత ఇళ్ళకు చేరాయి.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ హక్కు ఆ ప్రాంతపు నేతగాళ్ళందరిదీ, కాలం గడిచినా నవీకరించుకుంటూ పోవచ్చు. పేటెంటు ఒక్కడిది, 20 ఏళ్ళకే. ఒకే చీరలో రెండు రకాల హక్కులూ ఉండడం నాకు సంతోషంగా అనిపిస్తుంది. అందరి విద్యకు ఒకటి, ఒకడి తపనకు ఒకటి.

ఇప్పుడు ఓటిస్ దగ్గర ఆపిన మాట. నిడమనూరు చుట్టుపక్కల వెల్డింగు షాపుల్లో, ట్రాక్టరు గ్యారేజీల్లో, మిర్యాలగూడ మిల్లుల్లో ఏదో ఒక భాగాన్ని మార్చి పని తేలిక చేసుకున్నవాళ్ళు ఉన్నారు. బురదలో కూరుకోని కేజ్ వీల్ కావచ్చు, ధాన్యం చిందని కప్పు కావచ్చు. వాళ్ళు మొదట చేసేది పది మందికి చూపించడం. మన పల్లె మర్యాద అది. చట్టానికి మాత్రం దరఖాస్తుకు ముందే బయటపడిన వస్తువు పాతదైపోతుంది. మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో పెడితే 12 నెలల లోపు దరఖాస్తు చేయవచ్చు. నలుగురిలో నడిపి చూడక తప్పని యంత్రమైతే, పరీక్ష కోసమే నడిపినట్టు చెప్పుకోవడానికి దరఖాస్తుకు ముందు ఏడాది వరకు వీలుంది. అమ్మకం మొదలుపెట్టాక ఈ రక్షణ ఆశించకూడదు.

చేయవలసింది పెద్దదేమీ కాదు. యంత్రం పూర్తి కాకపోయినా, ఆలోచన కుదిరిన నాడే తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టవచ్చు. ఆ తేదీ మీ పేరున నిలుస్తుంది. పూర్తి వివరణకు 12 నెలల గడువు. తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి, ఆన్‌లైన్‌లో పంపవచ్చు. వ్యక్తిగా పెట్టేవారికి దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్షకు అడిగేటప్పుడు 4,000. రాసేటప్పుడు భాగాల జాబితా ఒక్కటే ఇస్తే చాలదు. ఏ భాగం కదిలితే ఏది కదులుతుందో, ఇంతకుముందు ఆ పని ఎలా చేసేవారో, ఎంతసేపు పట్టేదో, ఎవరికి ఎక్కడ నొప్పి పుట్టేదో రాయాలి. మూడో గడప దాటించే బలం ఆ వివరాల్లోనే ఉంది. మిల్లులో బస్తాలు ఎత్తినవాళ్ళను, మడిలో నాట్లు వేసినవాళ్ళను కూర్చోబెట్టి అడిగి రాసుకోవాలి.

పేటెంటు ఇచ్చినందుకు బదులుగా ప్రభుత్వం పూర్తి వివరణ రాయించుకుని అందరికీ తెరిచి పెడుతుంది. 20 ఏళ్ళ గడువు తీరాక ఆ కాగితం ముందు పెట్టుకుని ఏ లేత్ షాపులోనైనా, ఎవరినీ అడగనక్కరలేకుండా, ఇంకో ఆసు యంత్రం చేయవచ్చు. అప్పటికి దానికి మరో మెరుగు తట్టినవాడు కొత్త దరఖాస్తుతో చెన్నైకి పోవచ్చు.